అజెండాలో చివరి అంశం: పొలం

తెలుగు రైతు వరి వంగడాన్ని పేరుతో కంటే నంబరుతోనే ఎక్కువ పిలుస్తాడు. విత్తనాల కొట్టుకెళ్లి బీపీటీ ఉందా అంటాడు, వెయ్యిన్ని పది ఏ రేటుకిస్తావంటాడు. ఆ నంబరుకు ముందుండే అక్షరాలు ఒక పొలం చిరునామా. ఎంటీయూ అంటే 1925లో పెట్టిన మార్టేరు వరి పరిశోధన కేంద్రం. డెబ్బై ఇరవై తొమ్మిది నంబరు స్వర్ణ 1982లో అక్కడి మళ్లలోంచే బయటికొచ్చింది. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి సాంబ మసూరి 1986లో విడుదలైంది. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. తెలంగాణ సోనాగా పేరుపడిన 15048 రకం 2015లో అక్కడినుంచి వచ్చింది. జేజీఎల్ జగిత్యాల, ఎల్‌బీజీ గుంటూరు పక్క లాం ఫారం మినుము, ఎన్‌బీఈజీ నంద్యాల శనగ. తెలుగువాడి కంచంలోకి వచ్చే మెతుకుకు ఇంత స్పష్టమైన ఊరూ పేరూ ఉన్నాయి. ఆ ఊళ్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన పొలాలు ముక్కలు ముక్కలుగా తగ్గిపోతున్నాయి. తగ్గిస్తున్నవి రాత్రికి రాత్రి కంచె జరిపే కబ్జాలు కావు, పగలు ముద్రలు వేసి ఇచ్చే ఉత్తర్వులు. వాటిని అడ్డుకునే అధికారం, అడ్డుకోవలసిన బాధ్యత ఉన్న ఒకే ఒక్క వ్యవస్థ విశ్వవిద్యాలయ పాలక మండలి. అది ఏం చేస్తోందన్న ప్రశ్నను మనం చాలా ఆలస్యంగా అడుగుతున్నాం.

రాజేంద్రనగర్ సంగతి అందరికీ గుర్తుంది. హైకోర్టు కొత్త భవన సముదాయం కోసం ప్రేమావతిపేట, బుద్వేల్ గ్రామాల పరిధిలో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల అధీనంలోని 100 ఎకరాలను తెలంగాణ ప్రభుత్వం జీవో 55 ద్వారా కేటాయించింది. 2024 జనవరిలో విద్యార్థులు ధర్నాకు దిగారు. ఒక విద్యార్థి నాయకురాలిని స్కూటర్ మీద వెళ్తున్న మహిళా కానిస్టేబుళ్లు జుట్టు పట్టుకుని ఈడ్చిన దృశ్యం దేశమంతా చూసింది. మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. రెండు నెలల్లో కథ ముగిసింది. ఆ రెండు నెలల్లో విద్యార్థుల గొంతు వినబడింది, ప్రభుత్వం గొంతు వినబడింది, పోలీసుల లాఠీ చప్పుడూ వినబడింది. మండలి గొంతు మాత్రం జనం చెవిన పడలేదు. ఆ భూమి మీద ఏ ప్రయోగాలు నడుస్తున్నాయో, వాటిలో ఏవి ఆగిపోతాయో, ఏవి ఎక్కడికి తరలుతాయో చెప్పే ఒక్క పేజీ కాగితం ప్రజల ముందుకు రాలేదు. కంచె చేను మేసిందంటాం. ఇక్కడ కంచె మేయలేదు. ఎవరు మేస్తున్నా చప్పుడు చేయకుండా నిలబడింది.

ఆ సమయంలో మండలికి పూర్తికాలపు అధ్యక్షుడే లేరన్న సంగతి మీద మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవీకాలం 2022 జులైలో ముగిస్తే కొత్త ఉపకులపతి వచ్చింది 2024 అక్టోబరులో. ఆ మధ్యకాలంలో ఇన్‌చార్జి బాధ్యత వ్యవసాయ శాఖ కార్యదర్శిది. ఆ అధికారి సమర్థతనూ నిజాయితీనీ శంకించే ఉద్దేశం ఈ పత్రికకు లేదు. కానీ ప్రభుత్వం అడిగే పక్షాన, విశ్వవిద్యాలయం ఇచ్చే పక్షాన ఒకే మనిషి కూర్చోవలసి వచ్చినప్పుడు ఆ రెండో కుర్చీ ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఇది వ్యక్తి తప్పు కాదు, ఏర్పాటులోనే ఉన్న తప్పు. రెండేళ్లకు పైగా ఆ ఏర్పాటును నడవనిచ్చిన వారిదే బాధ్యత. నడిచినప్పుడు అధికారంలో ఒకరు కాదు, ఇద్దరు ముఖ్యమంత్రులున్నారు. కాబట్టి ఇందులో పార్టీ రంగు వెతకడం వృథా.

ఆంధ్రప్రదేశ్ ఏమీ తక్కువ తినలేదు. నంద్యాల ప్రాంతీయ పరిశోధన కేంద్రానికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. రాయలసీమ నల్లరేగడిలో పత్తి, శనగ, జొన్న ఎలా పండించాలో నేర్పిన నేల అది. అందులోంచి 50 ఎకరాలు వైద్య కళాశాలకు ఇవ్వాలని 2020లో అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. అనకాపల్లిలో 1913 నాటి చెరకు పరిశోధన కేంద్రం భూముల మీద కూడా అలాంటి ప్రతిపాదనే వచ్చింది. రెండు వ్యవహారాలూ హైకోర్టు గడప తొక్కాయి. తొక్కించింది ఎవరు? రైతులు, వారి తరఫు న్యాయవాదులు. తన భూమి కోసం తనే కోర్టుకు వెళ్లవలసిన సంస్థ ప్రతివాదుల వరసలో నిలబడింది. ఈ జబ్బు మన రెండు రాష్ట్రాలకే పరిమితం కాదు. హిమాచల్‌లోని పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో 112 హెక్టార్లు పర్యాటక గ్రామానికి ఇవ్వబూనితే అక్కడా ఉద్యోగులు, విద్యార్థులు రోడ్డెక్కవలసి వచ్చింది.

న్యాయంగా మాట్లాడుకోవాలంటే అవతలి పక్షం మాట కూడా చెప్పుకోవాలి. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం ఇరుకైపోయింది, 2009లో అగ్నిప్రమాదానికీ గురైంది. కొత్త భవనం కావాలనడంలో పేచీ లేదు. నంద్యాలకూ అనకాపల్లికీ వైద్య కళాశాల వద్దనేవారు ఎవరుంటారు? ప్రతిసారీ పొలానికి పోటీగా వచ్చేది ఏదో ఒక మంచి పనే. కాసినో కోసం అడిగితే కాదనడం తేలిక. ఆస్పత్రి కోసం, న్యాయస్థానం కోసం, బస్ డిపో కోసం అడిగినప్పుడు కాదనడానికే మండలి కావాలి. అందరూ ఔననే చోట ఆలోచించి, అవసరమైతే ఒక్కరే కాదనగలగడం కోసమే దానికి చట్టంలో చోటిచ్చారు.

1963 నాటి వ్యవసాయ విశ్వవిద్యాలయ చట్టం మండలిని ఊరికే పెట్టలేదు. ఉపకులపతి అధ్యక్షతన వ్యవసాయ, ఆర్థిక శాఖల ఉన్నతాధికారులు, శాసనసభ్యులు, శాస్త్రవేత్తలు, అభ్యుదయ రైతులు, భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రతినిధి అందులో ఉంటారు. ఆస్తులు, నిధులు, నియామకాలు, క్షేత్రాలు అన్నీ దాని చేతి కిందే. కాగితం మీద ఇంతకంటే బలమైన వ్యవస్థ ఉండదు. అసలు వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిసినవారికి తెలుసు. సమావేశానికి ముందు రోజు సాయంత్రం రెండు మూడు వందల పేజీల అజెండా చేతికొస్తుంది. మొదట గత సమావేశం మినిట్స్, తర్వాత పదోన్నతులు, రిటైరైనవారి పింఛన్ కేసులు, క్రమశిక్షణ ఫైళ్లు, కోర్టు ధిక్కరణ నోటీసులు, కొత్త హాస్టల్ టెండరు, పాత హాస్టల్ మరమ్మతు. భోజనం వేళకు ఇవి ముగిస్తే గొప్ప. ఆపైన వచ్చే అంశాలకు సభ్యుల్లో సగంమంది తిరుగు ప్రయాణం హడావుడిలో ఉంటారు. అప్పుడు టేబుల్ ఐటమ్ పేరుతో ఒక పేజీ బల్ల మీదికి వస్తుంది. ఫలానా సర్వే నంబర్లలో ఇన్ని ఎకరాలు ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇప్పటికే అప్పగించడమైనది, ఆమోదించగలరు. అయిపోయిన పెళ్లికి అనుమతి అడిగినట్టుండే ఆ పేజీకి ఇంగ్లిషులో ర్యాటిఫికేషన్ అని గంభీరమైన పేరుంది. అభ్యుదయ రైతు హోదాలో వచ్చిన సభ్యుడు తెలుగులో ఏదో అడగబోతాడు. అది పైనుంచి వచ్చిందండీ అని పక్కనున్నాయన చెవిలో చెబుతాడు. తీర్మానం ఏకగ్రీవం.

అయితే అసలు ప్రమాదం ఆ ఒక్క పేజీలో లేదు. దానికి ముందు చర్చకొచ్చిన, చర్చ లేకుండా వాయిదాపడిన అంశాల్లో ఉంది. ఈ సంపాదకీయం చెప్పదలచుకున్నదల్లా ఇదే. పరిపాలన అంశాలు వేరు, పొలం అంశం వేరు అన్నట్టు మండళ్లు నడుస్తున్నాయి. నిజానికి రెండూ ఒకటే.

పరిశోధన కేంద్రాల్లో శాస్త్రవేత్తల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. ఒక శాస్త్రవేత్త రిటైరవుతాడు, ఆయన చూసే పంటను పక్క పంట శాస్త్రవేత్తకు అదనపు బాధ్యతగా అప్పగిస్తారు. ఆయనకు ఉన్న పనే తలకు మించినది. ఆ పంట మళ్లు మొదటి ఏడాది సగం వేస్తారు, రెండో ఏడాది పచ్చిరొట్ట చల్లుతారు, మూడో ఏడాది ఏమీ వేయరు. ఫారంలో టైమ్‌స్కేల్ కూలీలు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తారు. వారి స్థానంలో ఔట్‌సోర్సింగ్ మనిషిని తీసుకోవడానికి ఫైలు వెళ్తుంది, నిధులు లేవని వెనక్కి వస్తుంది. కలుపు తీయించే బడ్జెట్ లేక గట్లు ముళ్లపొదలవుతాయి. బోరు మోటారు కాలిపోతే రివైండింగ్‌కు మంజూరు రాదు. అయిదారేళ్లకు ఆ చెక్క బీడు. అప్పుడు రెవెన్యూ సర్వేయరు వస్తాడు. తన నివేదికలో అతను రాసే మాట అక్షరాలా నిజం: భూమి ఖాళీగా ఉన్నది.

ఖాళీగా ఉండేలా చేసిందెవరు? నియామకాల ఫైలును మూడు సమావేశాలు వాయిదా వేసిన మండలి. కూలీల నిధులను కోసిన ఆర్థిక శాఖ ప్రతినిధి అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. ఆ కోత ఫలితంగా బీడుపడిన భూమిని ప్రభుత్వానికి ఇచ్చేయవచ్చని సంతకం పెట్టేదీ అదే బల్ల. నియామకాల పేజీకీ భూమి పేజీకీ మధ్య అజెండాలో వంద పేజీల దూరం ఉండడం వల్ల ఈ గొలుసు ఎవరికీ కనిపించదు. పైగా ఫారాలు నష్టాల్లో నడుస్తున్నాయని ఆడిట్ అభ్యంతరం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. విత్తనాల అమ్మకం ఇంత, కూలీ, కరెంటు, ఎరువు ఖర్చు అంత, తేడా నష్టం. సాంబ మసూరి మన ఊళ్లకు సంపాదించిపెట్టినదంతా బాపట్ల ఫారం జమాఖర్చుల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో ఏ ఆడిటరూ చెప్పలేడు.

పొలంలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. వరిలో కొత్త రకం పుట్టడమంటే ఒక సాయంత్రం ఒక మనిషి మడిలో వంగి, తల్లిగా ఎంచుకున్న మొక్క కంకిని ఎడమచేతిలోకి తీసుకోవడంతో మొదలవుతుంది. చిన్న కత్తెరతో ఒక్కో గింజ పొట్టు కొనను కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేస్తాడు. ఒక్కటి మిగిలినా స్వపరాగ సంపర్కమై శ్రమంతా వృథా. కంకికి బటర్ పేపర్ సంచి తొడిగి క్లిప్పు పెడతాడు. మర్నాడు పొద్దున పది గంటల ప్రాంతంలో పువ్వు విచ్చే వేళకు తండ్రి మొక్క కంకి తెచ్చి, సంచి పైభాగం తెరిచి, పుప్పొడి దులుపుతాడు. రెండు మొక్కల పేర్లు, తేదీ పెన్సిలుతో రాసిన అట్టముక్క దారంతో కడతాడు. పెన్సిలే ఎందుకంటే సిరా వానకు చెరుగుతుంది. ఆ కంకిలో నాలుగు గింజలు పట్టినా పండగే.

అక్కడినుంచి ఆరేడు తరాలు వాటిని నాటి, ఏరి, మళ్లీ నాటి, గుణాలు స్థిరపడేదాకా చూడాలి. స్థిరపడ్డాక కేంద్రంలోనే దిగుబడి పరీక్షలు, తర్వాత అఖిల భారత స్థాయిలో మూడేళ్ల పరీక్షలు, ఆపైన రైతుల పొలాల్లో మినీకిట్లు. మొత్తం పదేళ్ల పని. విడుదలయ్యాకా పొలం అవసరం తీరదు. ఏటా బ్రీడర్ విత్తనం పండించాలి. దానినుంచి ఫౌండేషన్ విత్తనం, దానినుంచి సర్టిఫైడ్ విత్తనం. బ్రీడర్ మడిలో ఫీల్డ్‌మ్యాన్, నలుగురు ఆడకూలీలు వరసల వెంట నడుస్తూ, ఎత్తులోనో ఆకు రంగులోనో తేడా ఉన్న కేళీలను వేళ్లతో సహా పెరికి బయట పారేస్తారు. ఆ చూపు పుస్తకంలో దొరకదు. పాతికేళ్లు అదే మడిలో నడిచిన మనిషికి వస్తుంది. అలాంటి మనిషిని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఏటా మార్చేస్తుంటే రకాల స్వచ్ఛత ఏటా కొంత పోతుంది. పోయినట్టు ఆ ఏడాది ఎవరికీ తెలియదు.

భూమికి బదులు వేరేచోట భూమి ఇస్తామంటారు. ఇది వినడానికి న్యాయంగా ఉండే మాట. పరిశోధన క్షేత్రం అంటే ఎకరాల లెక్క అయితే సరిపోయేదే. ఒక మడిలో ఇరవై రకాలు పక్కపక్కన వేసి ఏది మేలో తేల్చాలంటే ఆ మడి ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే తీరున ఉండాలి. వాలు, లోతు, తేమ, సారం సమానంగా లేకపోతే మనం కొలిచేది వంగడాన్ని కాదు, నేల తేడాను. అలాంటి మడిని తయారుచేయడానికి దశాబ్దాలు పడుతుంది. ఏ ఏట ఏ ఎరువు వేశారు, ఏ మూల చవుడు తేలింది, ఏ బోరు నీరు ఎంత ఉప్పన, ఇవన్నీ ఆ ఫారం రిజిస్టర్లలో ఉంటాయి. కొత్తగా ఇచ్చే కొండవాలు భూమికి ఏ రిజిస్టరూ ఉండదు. పైగా నల్లరేగడి కేంద్రానికి ఎర్రచెలక ఇస్తామంటే అది మార్పిడి ఎలా అవుతుంది?

మిగిలిన భూమి క్షేమంగా ఉంటుందన్నదీ భ్రమే. వందెకరాలు పోతే పోయేది వందెకరాలే కాదు. రాత్రి చీకటి నిడివిని బట్టి పొట్టకొచ్చే వరి రకాలున్నాయి. గట్టు పక్కన వీధిదీపాలు తెల్లవార్లూ వెలిగితే ఆ వరసల్లో పూత ఆలస్యమవుతుంది, ప్రయోగం పాడవుతుంది. పునాదుల కోసం తోడిన నీరు, మళ్లించిన వాననీటి కాలువ, కొత్తగా వచ్చే పార్కింగ్ కోసం అడిగే మరో పదెకరాలు వరసగా తయారవుతాయి. రాజేంద్రనగర్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక గజం ధర ఎంతో అందరికీ తెలుసు. అక్కడ జొన్న వరస కనబడిన ప్రతి పెద్దమనిషికీ అది వృథాగానే తోస్తుంది.

ఈ విశ్వవిద్యాలయాలు ఏ నమూనా మీద పుట్టాయో గుర్తుచేసుకోవడం మేలు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ అండగా నిలిచింది. అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలల పద్ధతిని, అంటే బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే కప్పు కింద నడిపే పద్ధతిని మనం తెచ్చుకున్నాం. ఆ కళాశాలలకు మూలం 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం. ఆ చట్టంలో మనం కాపీ చేసుకోని ఒక నిబంధన ఉంది. భూమి అమ్మగా వచ్చిన మూలధనం ఎప్పటికీ తరగకూడదు. ఏ కారణం చేతనైనా తరిగితే ఆ లోటును రాష్ట్రమే పూడ్చాలి. అందులో పది శాతానికి మించకుండా కళాశాల స్థలానికీ ప్రయోగ క్షేత్రాలకూ భూమి కొనుక్కోవచ్చు. ఆ చట్టం కింద పంచిన నేలలో చాలా భాగం అక్కడి ఆదివాసుల నుంచి గుంజుకున్నదన్న చేదు నిజం ఉండనే ఉంది, దాన్ని దాచి ఆ చట్టాన్ని పొగడనక్కరలేదు. కానీ సంస్థకు ఇచ్చినది మళ్లీ వెనక్కి లాక్కోకూడదని చట్టంలోనే రాసుకున్న జాగ్రత్త మాత్రం నేర్చుకోదగ్గది. మనం పాఠ్యప్రణాళిక తెచ్చుకున్నాం, సెమిస్టర్ విధానం తెచ్చుకున్నాం, ఈ తాళం మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే గోధుమ మడి ఉంది. 1843లో మొదలైన ఎరువుల ప్రయోగం ఈనాటికీ ఆ మడిలో సాగుతోంది. దాన్ని మొదలుపెట్టిన లాస్ 1889లోనే ఒక ట్రస్టు ఏర్పాటుచేశాడు. తన తర్వాత ఎవరు అధికారంలో ఉన్నా మడి చెదరకూడదని. అంత దూరం వెళ్లనక్కరలేదు, కోయంబత్తూరులో 1909 నుంచి నడుస్తున్న శాశ్వత ఎరువుల ప్రయోగం ఉంది. జగిత్యాలలో వరి తర్వాత వరి వేస్తూ దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం 2000 నుంచి నడుస్తోంది. ఒకే నేలలో ఏళ్ల తరబడి యూరియా ఒక్కటే వేస్తే ఏమవుతుందో, పశువుల ఎరువు కలిపితే ఏమవుతుందో తెలుగు నేల మీద చెప్పగలిగే అతి కొద్ది మళ్లలో అది ఒకటి. అలాంటి మడి మధ్యలో చెదిరితే అంతకు ముందున్న ఏళ్ల వరస తెగిపోతుంది. ఆ మడి ఏ సర్వే నంబరులో ఉందో విశ్వవిద్యాలయ మండలి సభ్యుల్లో ఎందరు చూడకుండా చెప్పగలరో అడిగిచూడండి.

సర్వే నంబరంటే గుర్తొచ్చింది, కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 1975 ప్రాంతంలో 2,300 ఎకరాలకు పైగా కేటాయించారు. 2025 వసంతంలో అక్కడి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగి చెట్లు కూల్చేనాటికీ ఆ భూమి ఎవరిదన్న వాదన సాగుతూనే ఉంది. విశ్వవిద్యాలయం పేరిట హక్కు పత్రం లేదన్నది ప్రభుత్వ వాదనల్లో ఒకటి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ సందర్భంలో విశ్వవిద్యాలయం ఒక మాట అంది: తమ భూమిని బదలాయించాలంటే కార్యనిర్వాహక మండలి, ఆపైన విజిటర్ హోదాలో రాష్ట్రపతి సమ్మతి ఉండాలని. మాట సరైనదే. యాభై ఏళ్లలో ఏదో ఒక సమావేశంలో హక్కు పత్రాల సంగతి పూర్తిగా తేల్చుకుని ఉంటే ఆ మాటకు ఇంకా బలముండేది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిస్థితి ఇంతకంటే చిక్కు. 1964 నాటి ఒక్క విశ్వవిద్యాలయం నుంచి 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం వేరుపడ్డాయి. 2014లో రాష్ట్రంతో పాటు అన్నీ రెండుగా చీలాయి. ప్రతి చీలికలోనూ ఆస్తుల పంపకం కాగితాల మీద జరిగింది, మైదానంలో రాళ్లు పాతడం చాలాచోట్ల మిగిలిపోయింది. ఉమ్మడి పేరు మీదో, సర్కారు పేరు మీదో, ఇప్పుడు లేని శాఖ పేరు మీదో ఉన్న పహాణీలు ఎవరో అడిగేదాకా అలాగే పడి ఉంటాయి. అడిగేవాడు భూమి కోసం వచ్చినవాడే అయినప్పుడు సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

చేయవలసిన పనులు గొప్పవేమీ కావు. ప్రతి పరిశోధన కేంద్రం, ప్రతి కళాశాల ఫారం భూమి లెక్కను సర్వే నంబర్లతో, పటంతో, ప్రస్తుతం నడుస్తున్న ప్రయోగాల పేర్లతో మండలి ముందు పెట్టాలి. అది ఏడాదికోసారి ముద్రించి రైతులకు అందుబాటులో ఉంచాలి. తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో వెబ్‌ల్యాండ్ రికార్డుల్లో యజమాని గడిలో విశ్వవిద్యాలయం పేరు ఉందో లేదో సరిచూసి, లేనిచోట చేర్పించాలి. ఇందుకు ఒక డిప్యూటీ తహసీల్దారును ఏడాదిపాటు డిప్యుటేషన్ మీద తెచ్చుకుంటే చాలు. భూమి కోరుతూ ఏ శాఖ నుంచి లేఖ వచ్చినా దాన్ని టేబుల్ ఐటమ్‌గా తేవడాన్ని మండలి తనకు తానే నిషేధించుకోవాలి. ఆ కేంద్రం శాస్త్రవేత్తలు రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చి, అది రైతు సభ్యుడి చేతికి తెలుగులో అంది, కనీసం రెండు నెలలు గడిచాకే చర్చకు రావాలి. వ్యతిరేకించిన సభ్యుడి మాట మినిట్స్‌లో పేరుతో సహా నమోదు కావాలి. ఏకగ్రీవమన్న పదం వెనక ఎన్ని నోళ్లు మూతపడ్డాయో మనకెవరికీ తెలియకుండా పోతోంది. భూమి అడిగే శాఖ ప్రతినిధి ఆ అంశం నడిచేటప్పుడు బయట కూర్చోవాలి.

నియామకాలు, కూలీల నిధులు, బోర్ల మరమ్మతుల పేజీలను భూమి లెక్కతో కలిపి చదవడం వీటన్నిటికంటే ముఖ్యం. ఏ కేంద్రంలో ఎన్ని ఎకరాలు ఈ ఖరీఫ్‌లో బీడున్నాయి, ఎందుకున్నాయి అన్న పట్టిక అజెండాలో మొదటి పేజీగా రావాలి. అది సిగ్గుపడవలసిన పట్టికే అవుతుంది. సిగ్గుపడితే మంచిదే. ఆ పట్టిక చూసి కూడా ఆర్థిక శాఖ కూలీల డబ్బు ఆపితే, ఆ మాట ఎవరన్నారో రాతలో ఉంటుంది.

ఇదంతా మండళ్లు తమంతట తాము చేయగలిగినది. శాసనసభలు చేయవలసినది ఒకటి ఉంది. ఉపకులపతి స్థానంలో ఇన్‌చార్జి ఉన్న కాలంలో విశ్వవిద్యాలయ భూమి బదలాయింపు చెల్లదని, ఎప్పుడు బదలాయించినా మండలి ముందస్తు తీర్మానం తప్పనిసరని, బదులు భూమి అదే రకం నేలలో అప్పగించి అందులో కనీసం ఒక పంటకాలం గడిచాకే పాత భూమి చేతులు మారాలని చట్టంలో చేర్చాలి. ముసాయిదాకు నాలుగు పంక్తులు చాలు.  రాబోయే సమావేశాల్లో ఈ సవరణ ఏ పక్షం తెస్తుందో, తెచ్చినప్పుడు ఎవరు సభనుంచి బయటికి నడుస్తారో రైతు సంఘాలు పేర్లతో సహా రాసిపెట్టుకోవాలి.